రైటరు వద్దన్న పేరా

"ఆ మాట నేను రాయనమ్మా."

"రాయనంటే ఎట్ల? రాసేదానికే గదా నువ్వు ఈడ బల్లేసుకోని కూసోనుండేది?"

"తోట నీది. మీ నాయన నీకిచ్చినాడు. కూతురికి ఇయ్యమన్నావు, మొదటి పేరాలో రాసేసినాను సూడు. ఈ రెండో పేరా మాత్రం ఒద్దు."

"నా కాయితం, నా కొడుకు, నా సావు. మద్యలో నీదేముండాది?"

"చెయ్యి నాది గదమ్మా."

"నీ చెయ్యికి కూలి ఇస్తాండాను."

"ఇచ్చినా రాయను. పదైదు దినాలు పోనీ. అప్పుడొచ్చి ఇదే మాట చెప్పు, రాస్తాను."

"దీనికోసరం మల్లా పాకాల నుంచి బస్సెక్కి రావల్లనా? చార్జీలు నువ్వు పెట్టుకుంటావా?"

"పెట్టుకుంటాను."

"నీ దుడ్లతో నేనెందుకొస్తాను? రాయి."

ఆరేళ్ళ నాడు చిత్తూరులో, జిల్లా రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా ఉన్న రేకుల కింద జరిగిన కొట్లాట ఇది. ఒకవైపు నేను. ఇంకోవైపు దస్తావేజులు రాసే ఆయన. అందరూ ఆయన్ని రైటరు అనే పిలిచేవాళ్ళు. పేరు నాకు తెలుసు, రాయను. ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పడం ఆయనకు గిట్టేది కాదు. తన సంగతి మాత్రం ఎందుకు గిట్టుతుంది? నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. ఉత్తరాలు తప్ప ఇంకేమీ రాసి ఎరగను. ఆయన పోయారని తెలిసినాక ఇది రాయాలనిపించింది.

పొట్టి మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ మూడు పెన్నులుండేవి. రెండు అడిగినవాళ్ళకు ఇవ్వడానికి. మూడోది తాను రాసుకోవడానికి. దాన్ని కలెక్టరు అడిగినా ఇవ్వడు. ఆ ఒక్క సంగతి చూసి మొదటిరోజే నాకు ఆయన మీద కొంచెం మర్యాద కలిగింది. టీ తాగేవాడు కాదు. స్టీలు క్యాను నిండా మజ్జిగ తెచ్చుకుని పొద్దంతా అదే తాగేవాడు. పెరుగన్నం తినేటప్పుడు గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. ఆ పది నిమిషాలు ఎవరు పిలిచినా వెనక్కి చూడడు.

బల్ల ముందు రెండు స్టూళ్ళుండేవి. ఒకదానికి ఒక కాలు పొట్టి. కోపంగా వచ్చినవాళ్ళను దాని మీదే కూర్చోబెట్టేవాడు. పడిపోతామేమోనని కాళ్ళు నేలకు నొక్కి పట్టుకోవడంలోనే సగం కోపం దిగిపోతుందని ఆయన నమ్మకం. నన్ను చూడగానే దాన్నే చూపించాడు. నేను కింద పడి ఉన్న కాగితం ముక్కను నాలుగు మడతలు పెట్టి, ఆ కాలి కింద తోసి కూర్చున్నాను. అది చూసి నవ్వాడు. ఆ పొద్దు ఆయన నవ్వింది ఆ ఒక్కసారే.

చిత్తుకాగితాలను చించి పారేసేవాడు కాదు. చించినవాటిని అతికించి చదివేవాళ్ళుంటారట. బల్ల కింద ఒక బక్కెట్టు నీళ్ళు పెట్టుకుని, సాపు కాగితం రాయడం అవగానే చిత్తును అందులో ముంచేవాడు. సిరా అంతా కరిగి నీళ్ళు నీలంగా తిరిగేవి. ఆ గుజ్జును సాయంత్రం ఇంటికి మోసుకుపోతే ఆయన భార్య మెంతిపిండి కలిపి చేటలకు పూసేది. చిత్తూరులో ఎవరెవరు ఎవరెవరికి ఏమేమి రాసిచ్చారో అదంతా వాళ్ళింట్లో చేటలకు పట్టి ఉండేది. అందులో ఆమె బియ్యం చెరుగుకునేది.

మొగుడూ పెండ్లామూ జతగా వస్తే ఇద్దరి మాటా ఒకేసారి వినేవాడు కాదు. ఒకరిని పంపించేసి ఇంకొకరిని వినేవాడు. మేము పోయినప్పుడూ అంతే. ముందు నన్ను జిరాక్సు అంగడి అరుగు మీద కూర్చోబెట్టి మా ఇంటాయన కాగితం రాశాడు. తరువాత ఆయన్ని అరుగు మీదికి పంపి నన్ను పిలిచాడు.

అంతకు ముందే కవర్ల దగ్గర ఒక చిన్న తగువు అయింది. మా నాయన రాసిన కాగితాలను పెట్టెలో చెదలు తినేశాయి. అందుకని మావి ఇంట్లో పెట్టుకోకుండా సర్కారు దగ్గరే దాచుకోవాలని వచ్చాం. వీలునామాను కవరులో పెట్టి, లక్కముద్ర వేసి, పైన పేరు రాసిస్తే జిల్లా రిజిస్ట్రారు దాన్ని ఇనప్పెట్టెలో దాస్తాడు. రాసినవాళ్ళు బతికున్నన్నాళ్ళూ ఎవరూ తెరవరు. వద్దనుకుంటే వాళ్ళే వచ్చి వెనక్కి తీసుకోవచ్చు. పోయినాక వారసులు అర్జీ పెట్టుకుంటే అధికారి తెరిచి చదువుతాడు. ఇదంతా రైటరు విడమరిచి చెప్పాక నేను, "ఇద్దురివీ ఒగే కవర్లో పెట్టేయి, రెండెందుకు దండగ" అన్నాను.

"ఇద్దురూ ఒగే దినం పోతామని రాసిస్తావామ్మా? రాసిస్తే పెడతాను" అన్నాడు.

మా ఇంటాయన పడిపడి నవ్వాడు. నేను నవ్వలేదు.

నవ్వడానికి నా మనసులో చోటు లేదు. ఆ ముందు నెలలో మా ఇంట్లో ఒక సంగతి జరిగింది. రోడ్డు పక్కనున్న చేనును ప్లాట్లకు అమ్మేద్దామని మా కొడుకు, కుదరదని వాళ్ళ నాయన. మాటకు మాట పెరిగింది. మా వాడు నాయన మీద చెయ్యెత్తాడు. కొట్టలేదు. ఎత్తిన చెయ్యి అట్లే ఆగి, కిందికి దిగింది. అయితే ఆ చెయ్యి పైన ఉన్నంతసేపూ మా ఇంటాయన కళ్ళు గట్టిగా మూసుకుని, తలను భుజంలోకి ముడుచుకుని నిలబడ్డాడు. దెబ్బ తినడానికి సిద్ధపడిన మనిషి ఎట్లా ఉంటాడో అట్లా. మూడో దినానికి ఆయన కొడుకుతో కలిసి అన్నం తిన్నాడు. నేను వడ్డించాను గాని మరిచిపోలేదు. ఉన్నది ఒక కొడుకు, ఒక కూతురు. కూతురు నగరిలో ఉంది, వాళ్ళకు మగ్గాలున్నాయి. నా తోట దానికి రాయాలనుకున్నాను. దాని కిందనే రెండో పేరా.

ఆ పేరా ఇది: నా కొడుకు కన్నతండ్రి మీద చెయ్యెత్తినవాడు. వాడు నాకు కొరివి పెట్టడానికి తగడు. నా పీనుగను వాడు తాకరాదు.

రైటరు పెన్ను బల్ల మీద పెట్టేశాడు.

"అమ్మా, ఈ కవరు తెరిచేది నువ్వు పొయ్యిన నెలకో రెన్నెల్లకో. మీ వోడు అర్జీ పెట్టుకోవాల, సావు సర్టిపికెట్టు తేవాల. అప్పుటికి వాడు నిన్ను మోసింటాడు, కొరివి పెట్టింటాడు, గుండు గీయించుకోనుంటాడు. ఆ గుండుతోనే వొచ్చి ఈ ఆపీసులో కూసోనుంటాడు. అప్పుడు దీన్ని సదివి వినిపిస్తారు. ఏం చేస్తాడు చెప్పు? పెట్టిన కొరివిని ఎనిక్కి తీసుకుంటాడా?"

ఆ సంగతి నేను ఆలోచించలేదు. ఆలోచించలేదని ఒప్పుకోవడం ఇష్టం లేక, "అనుభవించనీ" అన్నాను.

"తిట్టల్లంటే ఇంటికి పోయి తిట్టమ్మా. నువ్వొగటంటావు, వాడొగటంటాడు. కాయితంలో తిడితే వాడు బదులు చెప్పేదానికి నువ్వుండవు."

"బదులేముంది వాడి దగ్గర?"

"అది వాన్నడగాల, నన్ను గాదు."

తరువాత తన పద్ధతి ఒకటి బయటికి తీశాడు. వీలునామా చిత్తు ఎవరిది రాసినా, దాన్ని వాళ్ళకు వినిపించే ముందు వాళ్ళను వారసుల స్థానంలో కూర్చోమనేవాడు.

"ఇప్పుడు నువ్వు పొయ్యినావనుకో. నువ్వు మీ వోడివి. గుండు గీయించుకోనుండావు. కూసో, విను. సదువుతాను."

"నేను వాడెందుకయితాను? నేను నేనే."

"ఈ స్టూలు మీద అందురూ అయినారమ్మా. తాసిల్దారుగా చేసిన ఒగాయన వాళ్ళ రెండో పెండ్లామై కూసోని విన్నాడు. ఇనేసి సగం కొట్టేయించినాడు."

"ఆయన అయితే అయినాడులే. నేను గాను. నువ్వు రాయకపోతే పక్క బల్ల దగ్గరికి పోతాను."

ఆ మాటకు ఆయన దిగిపోయాడు. పక్క బల్లాయన రాసింది సాయంత్రానికి టీ అంగట్లో మాట్లాడుకుంటారని అందరికీ తెలుసు. రైటరు క్యాను ఎత్తి మజ్జిగ తాగాడు. పెన్ను తీసుకున్నాడు. రాసినంతసేపూ తల ఎత్తలేదు. మా ఇంటాయన కాగితం అప్పటికే మడిచి ఆయన ముందరే ఉంది. రాయడం అయినాక దాని మీద అరచెయ్యి పెట్టుకుని, అరుగు మీద కూర్చున్న మా ఇంటాయన వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. నోరు తెరిచాడు. ఏమీ చెప్పకుండానే మూశాడు. నాకు అప్పుడు అర్థం కాలేదు. కూలి తగ్గించమని నేను అడుగుతానేమోనని భయపడుతున్నాడనుకున్నాను.

సాక్షులుగా జిరాక్సు అంగడాయన, ఇంకొకాయన వచ్చారు. వాళ్ళు మేము సంతకం చేసేది చూసి తామూ చేశారు గాని కాగితంలో ఏముందో చదవలేదు. రెండు కవర్లు, రెండు ముద్రలు. ఆఫీసులో పేర్లు పుస్తకంలో ఎక్కించుకుని ఇనప్పెట్టెలో పెట్టారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా ఇంటాయన, "ఏం రాయించినావు?" అన్నాడు.

"నువ్వేం రాయించినావు?"

"నీకెందుకు?"

"నీకెందుకు?"

అంతే. మళ్ళీ ఆ మాట మా మధ్య రాలేదు.

ఆ తరువాత ఆస్పత్రికనో, చుట్టాల ఇంటికనో చిత్తూరుకు పోయినప్పుడల్లా రైటరు బల్ల ముందర నుంచే పోవాల్సి వచ్చేది. ఆయన పిలిచి ఒక్కటే అడిగేవాడు.

"మోకాల్లెట్లుండాయమ్మా? ఆపీసు మెట్లెక్కగలవా?"

"ఎక్కగలను. ఎక్కే పని లేదు."

"మంచిది. పని పడితే అర్జీ నేను రాస్తాను."

ఇంకొక ముక్క మాట్లాడేవాడు కాదు. కాగితంలో ఉన్న సంగతి నాతో కూడా ఎత్తేవాడు కాదు. పక్కన ఎవరు విన్నా ముసలిదాని కాళ్ళ నొప్పులు అడుగుతున్నాడనే అనుకుంటారు. కవరు వెనక్కి తెచ్చుకోమంటున్నాడని నాకు తెలుసు. నాలుగైదు సార్లు అట్లా అడిగాక నాకు ఒళ్ళు మండేది. ఆ దోవ వదిలి, చుట్టు తిరిగి పోవడం మొదలుపెట్టాను.

చేను అమ్మలేదు. మా వాడు మళ్ళీ ఆ ఊసే ఎత్తలేదు. మా ఇంటాయన మంచాన పడితే చివరి నాలుగు నెలలూ ఎత్తిందీ, కడిగిందీ, పక్క మార్చిందీ వాడే. నన్ను వంగనిచ్చేవాడు కాదు. "నీ నడుము పట్టుకుంటే ఇద్దుర్నీ ఎవురెత్తాల?" అని కసిరేవాడు. నేను గడప దగ్గర నిలబడి చూసేదాన్ని. చూసినప్పుడల్లా ఆ పేరా నాకు జ్ఞాపకం వచ్చేది. అయినా కదలలేదు. పోయి వెనక్కి తెచ్చుకుంటే నాది తప్పని నేనే ఒప్పుకున్నట్టవుతుంది. జరిగింది జరిగినట్టు రాయిస్తే తప్పెట్లా అవుతుంది?

మా ఇంటాయన పోయిన రెండో నెలలో నేనూ మా వాడూ పోయి అర్జీ పెట్టాం. వాడి తల మీద వెంట్రుకలు అప్పుడే గరుకుగా మొలుస్తున్నాయి. అధికారి ముద్ర కోసి, కాగితం విప్పి చదివాడు. ఇల్లూ చేనూ ముందు నాకు, నా తరువాత కొడుక్కు. ఆ కింద ఇట్లా ఉంది: నా కొడుకు ఏనాడూ నా మాట దాటలేదు. నన్ను నొప్పించలేదు. వాళ్ళమ్మను వాడు చూసుకుంటాడని నాకు ధైర్యం ఉంది.

మా వాడు తల ఎత్తలేదు. వాడి చెవులు ఎర్రగా అయ్యాయి. అధికారి, "తండ్రికి నీ మీద ఎంత నమ్మకం, అదృష్టవంతుడివప్పా" అన్నాడు. వాడు ఆ మాటకు కూడా తల ఎత్తలేదు.

వాడు సంతకాల కోసం లోపలే ఉండగా నేను ఒక్కదాన్నే బయటికి వచ్చాను. రైటరు మెట్ల కింద నిలబడి ఉన్నాడు. బల్ల వదిలి ఆయన అక్కడికి రావడం ఎప్పుడూ చూడలేదు.

"ఇన్నావు గదమ్మా. ఇంగ నేను నోరు తెరవచ్చు. ఆ పొద్దే చెప్పల్లనుకున్నాను, ఆయన కాయితం సంగతి నీకు చెప్పేదానికి లేకపోయె. రెండూ రాసింది నా చెయ్యే. ఒగే పొద్దు, ఒగే పెన్ను. ఒగదాంట్లో కొడుకు నన్ను నొప్పించలేదని ఉండాది, ఇంగోదాంట్లో చెయ్యెత్తినాడని ఉండాది. రెండూ మీ వోడే వినల్ల. ఒగటి విన్నాడు."

"నేను రాయించింది జరిగిన మాటే రైటరన్నా."

"అవునమ్మా. జరగంది రాయమన్నాడు ఆయన, నేను అడ్డం చెప్పలేదు. జరిగింది రాయమన్నావు నువ్వు, నీకు అడ్డం చెప్పినాను. నా పని అట్లాటిది." బల్ల వైపు చెయ్యి చూపించి, "తీసేసుకో తల్లీ. అర్జీ ఇప్పుడే రాస్తాను, నాకేమీ ఇయ్యొద్దు" అన్నాడు.

ఆ తల్లీ అనే మాట ఆయన నోట నేను మొదటిసారి విన్నాను. మా వాడు మెట్లు దిగి వస్తున్నాడు. వాడి ముందర నేను అర్జీ పెట్టుకోవాలా? "సూద్దాంలే" అని నడిచేశాను. రైటరు వెనక నుంచి పిలవలేదు.

ఆయన్ని చివరగా చూసింది పోయిన వేసవిలో. రేకుల కింద బల్లలు తగ్గిపోయాయి. అన్నిచోట్లా కంప్యూటర్లు వచ్చేశాయి. ఆయన బల్ల మాత్రం ఉంది, ముందర ఎవరూ లేరు. గోడ వైపు తిరిగి పెరుగన్నం తింటున్నాడు. నేను నిలబడ్డాను. ఆయన తినడం అయ్యేదాకా ఆగి ఉంటే మోకాళ్ళ సంగతి అడిగేవాడు. ఆగలేదు. చెప్పుల చప్పుడు కాకుండా దాటిపోయాను.

పోయిన నెల పాకాల బస్టాండులో ఆ జిరాక్సు అంగడాయన కనిపించాడు. పలకరించి, "రైటరు పొయ్యినాడు గదమ్మా, తెలీదా? నెల కావస్తా ఉండాది" అన్నాడు.

"ఏమైనా చెప్పినాడా?"

"ఎవురికి?"

"ఎవురికైనా."

"జొరంలో ఏందేందో అన్నాడంట. కాయితాలన్నీ నానేసినావా, ఏదీ మిగల్లేదు గదా అని పెండ్లాన్ని అడగతానే ఉన్న్యాడంట. బక్కెట్టు తెచ్చి సూపిస్తే గాని పండుకోలేదంట."

నేను కొనాల్సిన కూరగాయలు కొనకుండానే ఇంటికి వచ్చేశాను. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ పేరా బరువు ఇద్దరి మీద ఉండేది. అందులో నా వాటా తక్కువనుకుంటూ బతికాను. ఇప్పుడు ఆ కవరులో ఏముందో తెలిసింది ఈ భూమ్మీద నాకొక్కదానికే. నాకు బీపీ ఉంది, షుగరు ఉంది. నేను పోతే వాడు నన్ను మోస్తాడు. కొరివి పెడతాడు. గుండుతో పోయి ఆ ఆఫీసులో కూర్చుంటాడు. ఎవరో ముద్ర కోసి చదువుతారు. వద్దయ్యా, ఆ రెండో పేరా చదవొద్దు అని చెప్పే మనిషి ఉండడు.

సాయంత్రం మా వాడు ఆవుకు మేత వేస్తుంటే చెప్పాను.

"రేపు చిత్తూరుకు పోవాల."

"ఎందుకు మా?"

"పనుండాది."

"ఎవురితో పోతావు?"

"ఎవురితోనో ఎందుకు? నాకు దోవ తెలీదా?"

"దోవ తెలుసు, కాల్లు ఇనవు గదా. యాడన్నా పడితే మోసుకొచ్చేది నేనే. ఆ మోసేదేదో పొయ్యేటప్పుటి నుంచే మోస్తాను, నేనూ వొస్తాను."

నాకు కోపం రావాల్సింది. రాలేదు.

మరునాడు పొద్దున ఏడు గంటల బస్సుకు ఇద్దరం పోయాం. అర్జీ ఒక కంప్యూటరు అంగట్లో టైపు చేయించాను. ఆఫీసులో గుమాస్తా దాన్ని చదివి, పాత పుస్తకం తీసి నా పేరు వెతికాడు. ఆధార్ కార్డు చూశాడు. కార్డు సరిపోదన్నాడు. నేను ఫలానా అని, నన్ను ఎరిగిన మనిషి ఒకరు సంతకం చెయ్యాలన్నాడు. చిత్తూరులో నన్ను ఎరిగిన మనిషి ఎవరున్నారు? నేను అటూ ఇటూ చూస్తున్నాను.

"నేనుండాను గదా సార్" అని మా వాడు ముందుకు వచ్చాడు.

"ఏమౌతారు?"

"కొడుకును."

గుమాస్తా చూపించిన చోట వాడు వంగి రాశాడు: ఈమె మా అమ్మ అని నాకు తెలుసు. కింద సంతకం చేశాడు.

కవరు నా చేతికి వచ్చేసరికి పదకొండయింది. బస్సులో నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి వాడు ఇవతల కూర్చున్నాడు. ఊరు దాటినాక, "ఏముండాది మా దాంట్లో?" అని అడిగాడు.

చెప్పాను. మొదటి పేరా చెప్పాను. రెండో పేరా కూడా ఉన్నది ఉన్నట్టు, ఒక్క మాట తగ్గించకుండా చెప్పాను. చెప్పినంతసేపూ ముందు సీటు కమ్మీని పట్టుకుని ఉన్నాను.

కండక్టరు వచ్చి పోయాడు. తరువాత వాడు, "నిజమే గదమ్మా. ఎత్తినాను" అన్నాడు.

పాకాల దగ్గరపడుతుండగా, "తోట మాత్రం మీ అక్కకే" అన్నాను.

"ఇయ్యి."

ఇంటికి వచ్చి, కవరు విప్పకుండానే నీళ్ళు కాచే పొయ్యిలో పెట్టాను. అది పూర్తిగా కాలేదాకా వాడు పక్కనే నిలబడ్డాడు. తరువాత చొక్కా మార్చుకుని చేనికి పోయాడు.